రేసు బండి ఖరీదుకు మేం గీసిన గీత

ఈ కథలో తెలివితక్కువవాడు ఎవరా అని మీరు చివరిదాకా వెతుక్కునే పని లేకుండా ముందే చెప్పేస్తున్నాను. నేనే. మోటారు సైకిల్ పందేల్లో డబ్బున్నవాడూ లేనివాడూ సమానంగా పరుగెత్తాలంటే నాలుగు నిబంధనలు రాస్తే చాలని నమ్మినవాణ్ణి. నమ్మి ఊరుకుంటే పోయేది. రాశాను. రాసి ఊరుకున్నా పోయేది. నా చేత్తోనే అమలు చేశాను. తెలివితక్కువతనానికి మూడు మెట్లుంటే మూడూ ఎక్కి పైన నిలబడి చుట్టూ చూశానన్నమాట.

ఈమధ్య టీవీలో చూపించారు. కోట్లు కుమ్మరించి కార్లు పరుగెత్తించే దేశదేశాల కంపెనీలవాళ్లు ఖర్చుకు ఒక పరిమితి పెట్టుకుందామని కూర్చుని వాదించుకుంటున్నారట. ఒకాయన డ్రైవరు జీతం లెక్కలోకి రాదంటాడు. ఇంకొకాయన హోటలు బిల్లు రాదంటాడు. నవ్వొచ్చి నాకు పొలమారింది. ఈ వాదనంతా నేను ఎనభైల్లోనే, పాల్వంచలో ఒక రైసు మిల్లు ఆఫీసు గదిలో, తౌడు వాసనలో కూర్చుని విన్నాను. వాళ్ల చర్చకూ మా చర్చకూ తేడా ఒక్కటే. మాకు మిరపకాయ బజ్జీలు పెట్టారు.

మా రవాణా శాఖ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్లకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. పనికిరాకపోయినా దిగులు లేదు. అప్పట్లో నేను రాసినవాటి కంటే ఎక్కువగా పనికిరాకుండా పోవడం దీని వల్ల కాదు.

అప్పుడు నేను కొత్తగూడెంలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుని. జనం పిలిచే పేరు బ్రేకు ఇన్‌స్పెక్టరు. నా ప్రమోషన్లకు పడ్డ బ్రేకులను బట్టి చూస్తే జనం పెట్టిన పేరే సరైనది. బొగ్గు లారీలు, కలప లారీలు, మనుషులు బయటికి వేలాడుతుంటే తప్ప కదలని జీపులు, ఇవీ నా ప్రపంచం. బండి నా ముందుకొస్తే మొదట కాగితాలు చూస్తాను. తర్వాత చాసిస్ మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది నంబరు అచ్చు తీస్తాను. ఆ అచ్చూ కాగితాల్లో నంబరూ ఒకటైతే బండి మంచిది. ఆ తర్వాత బండి వంక కూడా చూస్తాను, తీరిక ఉంటే.

మా ఆఫీసు గోడను ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక మెకానిక్కు. ముప్ఫైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, నోరు మాత్రం పెద్దది. తన చేతికి రాని బండి తల్లి కడుపులోనే చచ్చినట్టు లెక్క అనేవాడు. ఎవరో వదిలేసి పోయిన పాత టూ-స్ట్రోక్ బండిని తెచ్చుకుని, రెండేళ్లు దానితో కుస్తీ పట్టి, కొత్తగూడెం నుంచి పాల్వంచకు పోతే ఇంకెవడూ తన ముందు ఉండకూడదన్నట్టు తయారుచేశాడు. నేను రెండుసార్లు ఆపి కేసు రాశాను. రెండోసారి ఆపినందుకు కాదు గానీ, ఆపడానికి నాకు రెండు కిలోమీటర్లు పట్టినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ రోజుల్లో పందెపు సొమ్ము మీద బతుకుతూ ఊరూరా తిరిగే రైడర్లు ఉండేవాళ్లు. మద్రాసు నుంచీ బెంగుళూరు నుంచీ బండ్లను వ్యానుల్లో వేసుకుని వచ్చేవాళ్లు. పాల్వంచ దాటాక అడవి అంచున పాత కలప డిపో మైదానం ఖాళీగా పడి ఉండేది. బీడీలు చుట్టే తునికాకు సీజను అయిపోయి చేతుల్లో డబ్బు ఆడేవేళ, వానలు పడకముందు, ఊళ్లో వర్తకులంతా కలిసి అక్కడ పందెం పెట్టారు. మొదటి సంవత్సరం పైఊళ్ల రైడర్లు వచ్చి బహుమతులన్నీ ఎత్తుకుపోయారు. మనవాళ్లకు మిగిలింది ఎర్ర దుమ్ము. కానీ ఆ దుమ్ములోంచి నాలుగోవాడుగా బయటికొచ్చింది మా మెకానిక్కు.

మద్రాసు నుంచి ఒక జట్టు తాలూకు ఏజెంటు వచ్చి ఉన్నాడు. జీతాల మీద రైడర్లను కుదుర్చుకోవడం అతని పని. మెకానిక్కును పక్కకు పిలిచి, "వచ్చే సంవత్సరం కూడా ఇక్కడికి వస్తాను. మొదటి ముగ్గురిలో రా, నెల జీతం మీద తీసుకుంటాను. ఆపైన నీ వయసు దాటిపోతది," అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి మా గోడకు అవతల రాత్రి లేదు, పగలు లేదు. సుత్తి చప్పుడే.

ఆ పందెంలో రెండో స్థానం వచ్చిన బండి మన జిల్లావాడిదే. ఒక ఆకు కాంట్రాక్టరుది. బండి అతనిది, దాని మీద కూర్చున్నవాడు బెంగుళూరు నుంచి కిరాయికి వచ్చినవాడు. రెండో స్థానం అంటే అవమానం అని ఆ కాంట్రాక్టరు అనుకున్నాడు. వచ్చే ఏటికి ఇంజను లోపలి సామానంతా విదేశాలది తెప్పిస్తున్నాడని ఊరంతా అనుకున్నారు.

మెకానిక్కు నేరుగా పందెం కమిటీ అధ్యక్షుడి దగ్గరికి పోయాడు. ఆయన రైసు మిల్లు యజమాని. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మెత్తని మనిషి. ఎవరు ఏం చెప్పినా "న్యాయమే" అనేవాడు.

"ఖర్చుకు ఒక హద్దు పెట్టుండ్రి అయ్యగారూ," అన్నాడు మెకానిక్కు. "ఒకడు లచ్చలు పెట్టి ఉరికితె, ఒకడు రెక్కలు పెట్టి ఉరకాల్నంటే ఎట్ల?"

"న్యాయమే," అన్నాడు అధ్యక్షుడు. సాంకేతిక సభ్యుడుగా నన్ను పిలిపించాడు. నాకు ఒళ్లు పొంగింది. పదిహేనేళ్ల సర్వీసులో లారీవాళ్లు తప్ప నన్నెవరూ నిపుణుడు అనలేదు. వాళ్లు కూడా వేరే అర్థంలో అనేవాళ్లు.

మిల్లు ఆఫీసు గదిలో కూర్చున్నాం. అధ్యక్షుడు, కాంట్రాక్టరు, ఇద్దరు ముగ్గురు వర్తకులు, నేను. మెకానిక్కుకు కుర్చీ లేదు, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. బండి ఖరీదు, షోరూములో కొత్త బండి ధర కంటే పావు వంతుకు మించి ఎక్కువ ఉండకూడదని సూత్రం ఒప్పుకోవడానికి ఒక ప్లేటు బజ్జీలు చాలాయి. అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది.

"ముందు బండి అంటే ఏంటో తేల్చండి," అన్నాడు కాంట్రాక్టరు.

"బండి అంటే బండేనండీ. ఇంజను, ఫ్రేము, చక్రాలు," అన్నాను.

"చక్రాలంటే రిమ్ములా, టైర్లా?"

"రెండూనూ."

"టైరు అరిగిపోయేది కదండీ. అరిగిపోయేది బండిలో భాగం ఎట్లా అవుద్ది? మీ కాలి చెప్పు మీ ఒంట్లో భాగమా?"

అధ్యక్షుడు వంగి తన చెప్పు వైపు చూసుకున్నాడు. "న్యాయమే," అన్నాడు.

టైర్లు పోయాయి. వాటి వెనకే ఆయిలు, ప్లగ్గులు, చైను పోయాయి. బ్రేకు షూలు అరుగుతాయి కనుక అవీ పోయాయి. క్లచ్చు ప్లేట్లు పోయాయి. నా కళ్ల ముందే బండి ఒక్కో ముక్కా ఊడి, కాంట్రాక్టరు సంచిలో పడుతున్నట్టు అనిపించింది. పిస్టను కూడా అరుగుతుందని అతను మొదలుపెట్టేసరికి మాత్రం నేను గట్టిగా అడ్డుపడ్డాను. పిస్టను మిగిలింది. ఆ రోజు నేను సాధించిన ఘనవిజయం అదే.

గుమ్మం దగ్గర్నుంచి మెకానిక్కు ఉండబట్టలేక, "మరి రైడరో? బెంగుళూరు కెల్లి కిరాయికి తెచ్చుకున్నోడి జీతం లెక్కకొస్తదా రాదా?" అన్నాడు.

కాంట్రాక్టరు కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి అతని వంక చూశాడు. ముఖంలో నిజమైన బాధ.

"మనిషిని బండి కింద లెక్కేస్తావురా? మనిషికి వెల కడతావా? అట్లాంటి మాట నోటికి ఎట్లా వచ్చింది నీకు?"

గదిలో అందరూ మెకానిక్కు వైపు అసహ్యంగా చూశారు. అడవిలో ఆకు కోసే ఆడవాళ్లకు కట్టకు ఇంతని సీజనంతా వెల కట్టే పెద్దమనిషి, మనిషికి వెల ఏమిటని అడుగుతుంటే, నేను కూడా మానవత్వం పొంగి తల ఊపాను. రైడరు జీతం పోయింది. రైడరుతో పాటు వచ్చే మెకానిక్కుల జీతాలు, వ్యాను కిరాయి, హోటలు గది కూడా మనుషుల వెంబడే పోయాయి.

ఇలా మూడు సాయంత్రాలు. మేం ఖర్చుకు హద్దు ఉండాలన్నాం గానీ చర్చకు ఉండాలని ఎవరూ అనలేదు. కమిటీలో కమ్మటి టీ ఒక్కటే మాకు దక్కిన ఫలం.

నిబంధనలు టైపు చేసింది మా ఆఫీసు టైపిస్టు. ఇల్లెందు నుంచి రోజూ బస్సులో వచ్చేది. చేతివేళ్ల కంటే నాలుక చురుకు. కాగితాలు నా ముందు పెట్టి, "సారు, బండిల ఇంక లెక్కకొచ్చేది ఏమన్న మిగిలిందా?" అంది.

"ఇంజను, ఫ్రేము, రిమ్ములు ఉన్నాయమ్మా."

"అవ్. అంటే అందరి కాడ ఉన్నయే లెక్కకొస్తయి. పైసలున్నోళ్ల కాడ ఉన్నయి రావు. మంచిగుంది. ఖర్చు తగ్గించే రూల్స్ కొట్టేటాల్లకు నాకే ఒక రిబ్బన్ ఖర్చయింది, దాన్ని ఏ ఖాతాల రాయాలె?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఎందుకంటే నా మనసంతా ఆరో నిబంధన మీద ఉంది. అది పూర్తిగా నా సొంతం. ఖరీదు పరిమితి పెట్టాం సరే, ఎవడు ఎంత పెట్టాడో తెలిసేదెట్లా? నా ఉద్యోగంలో బండి నిజం చెప్పదు, కాగితం చెబుతుంది. కాబట్టి రాశాను: బండిలో ఉన్న ప్రతి పార్టూ కంపెనీ తయారీదై ఉండాలి, బండి యజమాని పేరు మీద బిల్లు ఉండాలి, లేకుంటే బండి పందేనికి పనికిరాదు. దీనితో విదేశీ సామాను ఆగిపోతుంది. చదివి వినిపిస్తే కమిటీ చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు కాంట్రాక్టరు. అది చూసి నాకు అనుమానం రావాలి. రాలేదు. గర్వం వచ్చింది.

మెకానిక్కు అయితే షెడ్డులోంచి బయటికొచ్చి, గ్రీజు చేతులు పైకెత్తి దండం పెట్టాడు. "సారూ, ఈ ఒక్క ముక్కతోని వాని నోరు మూసిన్రు," అన్నాడు.

ఇప్పుడు మీకొక సంగతి చెప్పాలి. బొగ్గు గనుల ప్రాంతంలో బతికినవాళ్లకే అర్థమయ్యే సంగతి. ఒక సామాను విరిగితే కొట్టుకు పోయి కొత్తది కొనడం మా దగ్గర అలవాటు లేదు. బస్టాండు పక్కన లేతు మిషన్లు వరసగా ఉంటాయి. విరిగిన ముక్క పట్టుకుపోతే దానికి తమ్ముడిలాంటి ముక్క కోసి చేతిలో పెడతారు. అలా కోయించుకున్నదాన్ని ఎవరూ పార్టు అనరు. పార్టు అంటే డబ్బాలో వచ్చేది. ఇది 'పని'. "ఏం పార్టు వేశావు?" అని అడిగితే, "పార్టు వెయ్యలే, పని చేయించిన," అంటారు. చొక్కా కుట్టించుకోవడం లాంటిదే. నేను అక్కడ అన్నేళ్లు ఉండి, నా స్కూటరుకే మూడు 'పనులు' చేయించుకుని, ఆరో నిబంధన రాసేటప్పుడు లేతు మీద కోసిన ఆ ముక్కల్ని ఒక్కసారి కూడా గుర్తుకు తెచ్చుకోలేదు. మెకానిక్కుకూ తట్టలేదు. ఆ నిబంధన పార్టుల గురించి. అతని బండిలో ఉన్నది పని.

తట్టింది ఒక్కడికే. చప్పట్లు కొట్టినవాడికి.

పందెం ఆదివారం. పొద్దున్నే బండ్ల తనిఖీ. కమిటీ నన్ను ఖాకీ బట్టల్లో రమ్మని కోరింది, చూడ్డానికి దర్జాగా ఉంటుందని. మైదానంలో ఒక టేబులు వేసి, దాని మీద తెల్లగుడ్డ పరిచి, నన్ను కూర్చోబెట్టారు. పైఊళ్ల నుంచి వచ్చిన రైడర్ల బండ్లన్నీ గంటలో అయిపోయాయి. వాళ్లు నా నిబంధనల కంటే పది పెద్ద నిబంధనలు తిని అరిగించుకున్నవాళ్లు. ప్రతి ఒక్కడి దగ్గరా ఒక ఫైలు ఉంది.

కాంట్రాక్టరు ఫైలుకు ఎర్ర ట్యాగు కూడా ఉంది. ఇంజను తీసి చూశాను. ఆ పిస్టను, ఆ కార్బొరేటరు మన దేశంలో పుట్టినవి కావని నా లాంటి వాడికి కూడా తెలిసిపోతోంది. పేరు ఉండాల్సిన చోట ఆకురాయితో రుద్దేసిన నునుపు. కానీ బిల్లు ఉంది. విజయవాడ డీలరు ఇచ్చిన బిల్లు, కంపెనీ పార్టు అని, కంపెనీ పార్టు ధర వేసి, కాంట్రాక్టరు పేరు మీద. మొత్తం కూడితే మా పరిమితికి కాస్త లోపలే ఉంది. నేను ఆ నునుపు మీద వేలుతో రుద్దుతూ ఉండిపోయాను.

"వేలు మాసిపోద్ది ఇన్‌స్పెక్టరు గారూ, బిల్లు చూడండి," అన్నాడు కాంట్రాక్టరు. గొంతులో ఎంతో మర్యాద.

బిల్లు చూశాను. సంతకం పెట్టాను. బిల్లు ఉంటే బండిని చూడనవసరం లేదని రాసినవాణ్ణి నేనే కదా.

చివరగా మా మెకానిక్కు వచ్చాడు. పందేనికని హెడ్‌లైటు, హారను, నంబరు ప్లేటు విప్పి గోనెసంచిలో కట్టి పెట్టుకున్నాడు. ఇంజను సామానుకు బిల్లులన్నీ ఉన్నాయి. పాత బిల్లులు, నూనె మరకలతో. నేను సంతకానికి కలం తీశాను. కాంట్రాక్టరు ఇంకా నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

"ఆ వెనక చక్రానికి, చైను తిరిగే పళ్ల చక్రం చూశారా అండీ? దానికి బిల్లేది?"

మెకానిక్కు నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది అతనికి. "అది పార్టు కాదు. నేను చేయించిన. బస్టాండు కాడ మా బావ లేతు మీద కోసిచ్చిండు."

"ఎంతిచ్చావు?"

"బావకు పైసలేంది? కల్లు తాపించిన."

"కల్లుకు బిల్లుందా మరి?"

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వి, వెంటనే ఆపేసి, నా వైపు చూశాడు. కాంట్రాక్టరు జేబులోంచి ఒక కాగితం తీసి, ఆరో నిబంధన నా చెవి పక్కనే చదివాడు. కింద నా సంతకం ఉందని కూడా చదివాడు.

మెకానిక్కు ముఖంలో నవ్వు నెమ్మదిగా దిగిపోయింది. "సారూ, గదొక్కటి మారుస్త. అర్ధగంట ఇయ్యిండ్రి."

ఆదివారం. కొత్తగూడెంలో గానీ పాల్వంచలో గానీ సామాన్ల కొట్టు ఒక్కటి కూడా తీసి లేదు. ఆ బండికి సరిపోయే కంపెనీ పళ్ల చక్రాలు విడిగా ఆ మైదానం మొత్తానికి ఒక్కచోటే ఉన్నాయి, కాంట్రాక్టరు వ్యానులో. నేను లేచి నిలబడి, అడగకూడనివాణ్ణి అడిగాను. ఒకటి అరువివ్వండి, సాయంత్రం తిరిగి ఇచ్చేస్తాడు అని.

"అయ్యో, దానికేం భాగ్యం, ఇస్తానండీ," అన్నాడతను. "కానీ బిల్లు నా పేరు మీదుంది. బండి యజమాని పేరు మీద ఉండాలని మీరే రాశారు. మీ రూలు మీ చేత తప్పించడం నాకు ఇష్టం లేదు."

ఖర్చు తగ్గించడానికి పెట్టిన నిబంధన, వేలకు వేలు పోసిన బండిని సలాం కొట్టి లోపలికి పంపి, దమ్మిడీ ఖర్చు లేని ఒక ఇనుప చక్రాన్ని పట్టుకుంది. నేను అధ్యక్షుడి వంక చూశాను. ఆయన నోట్లోంచి వస్తుందనుకున్న మాట ఆ రోజు మాత్రం రాలేదు. నేల చూపులు చూశాడు. పైఊళ్ల నుంచి వచ్చిన రైడర్లు వాచీలు చూసుకుంటున్నారు. ఒక్కడికి సడలిస్తే అందరికీ సడలించాలని వాళ్లలో ఒకడు గొణిగాడు. నేను బండి కాగితం మీద 'అనర్హం' అని రాశాను.

మెకానిక్కు ఆ కాగితం తీసుకుని చదివాడు. "ఈ రూలు మీరు రాసిందేనా సారు?"

"నేనేనయ్యా."

"మంచిగ రాసిన్రు," అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

నేను ఏజెంటు దగ్గరికి పోయాను. మెకానిక్కును వేరేగా ఒకసారి నడిపించి చూడమని, మైదానం చుట్టూ నాలుగు చుట్లు చాలని, బతిమాలినంత పని చేశాను. అతను చల్లగా, "సార్, పందెంలో స్టార్టు కాని రైడరుని నేను మా ముదలాళికి, అదే ఓనరుకి, ఏమని చూపించేది?" అన్నాడు. అదీ న్యాయమే. ఆ రోజు అన్నీ న్యాయాలే. ఆ సాయంత్రం అతను మద్రాసు రైలెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ జట్టు జీతమూ మా మెకానిక్కు దాకా రాలేదు. రేకుల షెడ్డు మాత్రం నేను బదిలీ అయ్యేదాకా అక్కడే ఉంది, సుత్తి చప్పుడు కాస్త తగ్గించుకుని.

పందెం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కాంట్రాక్టరు బండి మొదటి చుట్టులోనే ముందుకుపోయి, అక్కణ్ణుంచి వెనక్కి చూడలేదు. జనం ఈలలు వేశారు. నేను ఆ వైపు చూడకుండా కంచె అవతల చూశాను. అక్కడ ఒక మోదుగు చెట్టు కింద మెకానిక్కు గోనెసంచి విప్పి, హెడ్‌లైటు, హారను, నంబరు ప్లేటు తిరిగి బిగించుకుంటున్నాడు. ఇంటికి పోవాలంటే రోడ్డెక్కాలి, రోడ్డు మీద బ్రేకు ఇన్‌స్పెక్టరుంటాడు. ఆ ఇన్‌స్పెక్టరు నేనేనన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. పొద్దుటి నుంచీ ఆ టేబులు దగ్గర కూర్చున్నవాడు ఎవడో నాకు తెలియదు.

బహుమతులు పంచారు. బెంగుళూరు రైడరు తన వాటా సొమ్ము తీసుకుని, కాంట్రాక్టరు వ్యానులోనే రైల్వే స్టేషనుకు వెళ్లిపోయాడు. గెలిచిన బండి ఖాళీగా ఉండేసరికి కాంట్రాక్టరుకు ఉత్సాహం వచ్చింది. సఫారీ సూటు మీద మోకాళ్ల దాకా బంతిపూల దండ వేసుకుని తానే ఎక్కాడు. ముందు బ్యాండు మేళం, వెనక అతని మనుషుల మోటారు సైకిళ్లు. సైలెన్సరు లేని ఆ ఇంజను చప్పుడుకు మేళం కూడా మూగబోయింది. ఊరేగింపు మైదానం గేటు దాటి, పాల్వంచ మెయిన్ రోడ్డెక్కింది.

నేను రోడ్డు మధ్యకు వెళ్లి చెయ్యి అడ్డంగా పెట్టాను.

"ఏంటండీ, మీకూ ఒక దండ వేయించమంటారా?" అన్నాడు కాంట్రాక్టరు, బండి ఆపి.

"దండ తర్వాత వేద్దురుగానీ. ఒకసారి హారను కొట్టండి."

"హారనా?"

"పోనీ హెడ్‌లైటు వెయ్యండి."

"మతి పోయిందా మీకు? రేసు బండికి హెడ్‌లైటు ఏంటి?"

"నంబరు ప్లేటూ లేదు. సైలెన్సరూ లేదు. అద్దమూ లేదు. బండి నా అధీనంలోకి తీసుకుంటున్నాను, దిగండి."

అతను దిగలేదు. "పొద్దున ఇదే బండిని మీరే పాసు చేశారు. సంతకం కూడా పెట్టారు."

"పెట్టాను. గేటుకు అవతల. ఇవతల ఇది రోడ్డండీ. దీనికి వేరే రూల్సు ఉన్నాయి, అదృష్టవశాత్తూ అవి నేను రాసినవి కావు."

అధ్యక్షుడు చెమటలు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "పోనీయండీ, ఊరేగింపే కదా, కాసేపట్లో అయిపోద్ది."

"టైర్లకు మినహాయింపు అడిగారు, ఇచ్చాం. ఆయిలుకూ మనిషికీ అడిగారు, ఇచ్చాం. ఊరేగింపుకు ఎవరూ అడగలేదండీ," అన్నాను.

అతని వ్యాను రైడరును దింపి రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. పట్టుకున్న బండ్లను మేం పోలీసు స్టేషను ఆవరణలో పెట్టేవాళ్లం. ఇంజను వేసి నడపనివ్వను. నెట్టుకుంటూ రమ్మన్నాను. ఆ ఎండలో, ఆ దండతో, అన్ని కళ్ల ముందు బండి నెట్టడమా? "మా వాళ్ల బండితో లాగిస్తాను," అన్నాడు.

"తప్పకుండా. లాగే బండికి లైటు, హారను, కాగితాలు అన్నీ ఉన్నాయో లేదో ఒక్కసారి చూస్తాను," అని జేబులోంచి కలం తీసి వెనక్కి తిరిగాను.

కలం తీయగానే వెనకున్న మోటారు సైకిళ్లు సందుల్లోకి మాయమైన వేగం నేను పొద్దున పందెంలో కూడా చూడలేదు. రోడ్డంతా ఖాళీ. చివరికి, ఊరేగింపు వెనక ఇరుక్కుపోయి, దారి ఎప్పుడు దొరుకుతుందా అని ఒక కాలు నేల మీద పెట్టుకుని కూర్చున్న ఒక్క బండి మిగిలింది. లైటు ఉంది, హారను ఉంది, నంబరు ఉంది. రెండు కేసులు రాసినవాణ్ణి కనుక కాగితాలున్నాయని కూడా నాకు తెలుసు.

"ఇటు రావయ్యా," అన్నాను.

మెకానిక్కు వచ్చి, పరిస్థితి అంతా ఒక చూపు చూసి, గంభీరంగా, "నా బండి పనికిరానిది గద సారు. మీరే రాసిచ్చిన్రు," అన్నాడు.

"పందేనికి. దీనికి పనికొస్తది."

అతను బండి దిగాడు. బ్యాండువాళ్ల దగ్గర డోలు కట్టే తాడు అడిగి తెచ్చాడు. ఒక కొస తన బండి వెనక, రెండో కొస గెలిచిన బండి ముందు, మెల్లగా, ముచ్చటగా ముడివేశాడు. వెనక తాడుతో వచ్చే బండికి హ్యాండిలు పట్టుకుని సరిచేసే మనిషి ఒకడు దాని మీద కూర్చోవాలి. నా మాట మీద ఆ పనికి యజమానే కావాల్సి వచ్చింది. కాంట్రాక్టరు దండతో సహా ఎక్కాడు.

తాడు కట్టి లాగేటప్పుడు నెమ్మదిగా పోవాలన్నది చట్టంలో ఉన్న మాటే. కానీ ఆ మెకానిక్కు, కొత్తగూడెం పాల్వంచ రోడ్డు మీద తన ముందు ఎవణ్ణీ ఉండనివ్వని ఆ మనిషి, ఆ రోజు పోయినంత నెమ్మదిగా ఒక మోటారు సైకిలు పోగలదని నేను అంతకుముందు నమ్మి ఉండేవాణ్ణి కాదు. నేను స్కూటరు మీద వెనకే వెళ్తున్నాను. రెండుసార్లు కాలు కింద పెట్టాల్సి వచ్చింది. సెంటరు వచ్చింది. పోలీసు స్టేషను కుడివైపు, అక్కణ్ణుంచే కనిపిస్తుంది. అతను ఎడమవైపు తిప్పి బజారు దారి పట్టాడు.

"స్టేషను అటు కదరా!" అని వెనక నుంచి కాంట్రాక్టరు అరిచాడు.

"తాడు కట్టుకోని కుడిదిక్కు తిప్పితే ప్రమాదం దొరా," అన్నాడు మెకానిక్కు, తల తిప్పకుండా. "ముందటికి పోయి సుట్టూ తిరిగొద్దాం. జల్దీ ఏముంది?"

కాంట్రాక్టరు నా వైపు చూశాడు. రోడ్డు భద్రత విషయంలో నేను ఎప్పుడూ రాజీ పడలేదని గుర్తుచేశాను. బజారులో కొట్లవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చి నిలబడ్డారు. బ్యాండువాళ్లు మాత్రం, కిరాయి మాట్లాడుకున్నది బండి చేరేదాకా కనుక, వెనకే నడుస్తూ వాయించడం ఆపలేదు.